జీపీఎస్ నిరూపకాలతో సముద్రపు చేపల వేట

సముద్రంలో చేపలు ఎక్కువగా దొరికే తావులను వాటి అక్షాంశ రేఖాంశాల ద్వారా గుర్తించి, జీపీఎస్ గ్రాహకం సహాయంతో అక్కడికి చేరుకొనే పద్ధతిని జీపీఎస్ ఆధారిత చేపల వేట అనవచ్చును. ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళిన తరువాత సముద్రంలో దారి చెప్పే గుర్తులేవీ ఉండవు. అటువంటి చోట రెండు అంకెలు, అనగా ఒక అక్షాంశము, ఒక రేఖాంశము, పడవను కావలసిన చోటికి చేరుస్తాయి. ఆ అంకెలను తప్పుగా చదివితే ఇంధనము, ఒక రోజు శ్రమ వృధా అవుతాయి. సరిహద్దుల వద్ద అయితే జాలరుల స్వేచ్ఛకే ముప్పు రావచ్చును.

ఆంధ్ర ప్రదేశ్ తీరంలోని మత్స్యకారులకు ఈ అంకెలను అందించే కేంద్రం సముద్రతీరం లేని తెలంగాణలో, హైదరాబాదులో ఉన్నది. దాని పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. దీనిని క్లుప్తంగా ఇన్‌కాయిస్ అంటారు.

అక్షాంశ రేఖాంశాలు

భూమధ్యరేఖ నుండి ఉత్తరంగా గాని, దక్షిణంగా గాని ఒక స్థలం ఎంత కోణంలో ఉన్నదో తెలిపేది అక్షాంశం. ఇంగ్లాండులోని గ్రీనిచ్ నుండి తూర్పుకు గాని, పడమరకు గాని ఎంత కోణంలో ఉన్నదో తెలిపేది రేఖాంశం. ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక నిమిషానికి 60 సెకన్లు. ఇవి కాలాన్ని కొలిచే నిమిషాలు, సెకన్లు కావు, కోణాన్ని కొలిచేవి.

ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి సముద్రం దాకా వెళ్ళనవసరం లేదు. కరీంనగర్ పట్టణం సుమారు 18°26′ ఉత్తర అక్షాంశం, 79°08′ తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఆదిలాబాదు పట్టణం సుమారు 19°40′ ఉత్తర అక్షాంశం, 78°32′ తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. అక్షాంశాలలో తేడా 1°14′, అనగా 74 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు సమానం. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. కాబట్టి ఆదిలాబాదు కరీంనగర్ కంటే సుమారు 137 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నదని పటం చూడకుండానే చెప్పవచ్చును. నావికులు మామూలు మైలును వదలి నాటికల్ మైలును వాడటానికి కారణం ఈ సౌలభ్యమే.

రేఖాంశపు లెక్క ఇంత సులభం కాదు. రేఖాంశాలన్నీ ధ్రువాల వద్ద కలుస్తాయి గనుక ఉత్తరానికి పోయేకొద్దీ వాటి మధ్య దూరం తగ్గుతుంది. కరీంనగర్ అక్షాంశం వద్ద ఒక నిమిషపు రేఖాంశం దాదాపు 1,757 మీటర్లు మాత్రమే. కరీంనగర్ నుండి అదే అక్షాంశం వెంట తిన్నగా తూర్పుకు పోతే సుమారు 535 కిలోమీటర్ల తరువాత శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, భావనపాడుల మధ్య సముద్రం తగులుతుంది. ఆదిలాబాదు నుండి ఆ విధంగానే పోతే ఒడిశాలోని చిలికా సరస్సు ప్రాంతానికి చేరతాము. సముద్రంలోని వేట స్థలాన్ని తెలిపే అంకెలు కూడా ఈ గళ్ళ లెక్కలోనివే. అయితే ఆ గడికి నీరే తప్ప ఊరు, పేరు ఉండవు.

జీపీఎస్ పనిచేసే తీరు

జీపీఎస్ అమెరికా ప్రభుత్వం నిర్వహించే ఉపగ్రహ వ్యవస్థ. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహాలు తమ స్థానాన్ని, కచ్చితమైన సమయాన్ని రేడియో తరంగాల ద్వారా పంపుతుంటాయి. ఆ సంకేతం రావటానికి పట్టిన కాలాన్ని బట్టి గ్రాహకం ప్రతి ఉపగ్రహం నుండి తన దూరాన్ని లెక్క కడుతుంది. గ్రాహకంలోని గడియారపు దోషాన్ని కూడా సరిచేయవలసి ఉంటుంది గనుక కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. గ్రాహకం ఏ సంకేతాన్నీ పంపదు, కేవలం అందుకుంటుంది. కాబట్టి సెల్‌ఫోను సిగ్నలు లేని నడిసముద్రంలో కూడా ఇది పనిచేస్తుంది.

ఈ వ్యవస్థ 1995లో పూర్తి స్థాయికి చేరినది. అయితే సైనిక కారణాల వల్ల పౌరులకు అందే సంకేతంలో కావాలని కొంత దోషాన్ని కలిపేవారు. దానివల్ల చూపిన స్థానం 100 మీటర్ల వరకు తేడాగా ఉండేది. 2000 మే నెలలో ఈ ఏర్పాటును తొలగించారు. నీటి అడుగున ఉన్న ఒక చిన్న రాతిగుట్టను వెదికే జాలరికి 100 మీటర్లకు, 10 మీటర్లకు ఉన్న తేడా చాలా పెద్దది. చేతిలో పట్టే గ్రాహకాలు వేటకు నిజంగా అక్కరకు వచ్చినది ఆ తరువాతనే అనవచ్చును.

పాత పద్ధతి

జీపీఎస్ రాకముందు జాలరులకు స్థల నిర్ణయం తెలియదనుకోవటం పొరపాటు. తీరంలో కనిపించే రెండు గుర్తులను, ఉదాహరణకు దగ్గరగా ఉన్న ఒక గుడి శిఖరాన్ని, దాని వెనుక దూరంగా ఉన్న కొండ కొమ్మును, ఒకే వరుసలోకి తెచ్చుకుంటే పడవ ఒక గీత మీద ఉన్నట్లు లెక్క. వేరొక వైపున మరి రెండు గుర్తులను అదే విధంగా కలిపితే రెండవ గీత వస్తుంది. ఆ రెండు గీతలు కలిసే చోటు ఒక్కటే. విశాఖపట్నం వంటి చోట్ల డాల్ఫిన్స్ నోస్ కొండ, తూర్పు కనుమల కొండలు తీరానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ పద్ధతికి బాగా అనుకూలిస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం పల్లం. అక్కడ కొండలు లేవు గనుక దీపస్తంభాలు, ఎత్తైన చెట్లు, నీటి రంగు, గుండు కట్టిన తాడుతో చూసిన లోతు, తాడుకు అంటుకొని వచ్చిన బురద లేక ఇసుక గుర్తులుగా పనికివచ్చేవి.

ఆలోచిస్తే ఇది కూడా అక్షాంశ రేఖాంశాల వంటి పద్ధతే. రెండు గీతలు కలిసే బిందువుతోనే స్థలాన్ని చెబుతున్నారు. తేడా ఏమిటంటే, ఒడ్డు కనుమరుగైనా, మంచు కమ్మినా, చీకటి పడినా పాత గీతలు పనికిరావు. మరొక ముఖ్యమైన తేడా కూడా ఉన్నది. కొండల వరుస తండ్రి నుండి కొడుకుకు పడవ మీదనే సంక్రమించే విద్య, వేరొకరికి సులభంగా చిక్కదు. నిరూపకాలనైతే ఒక చీటీ మీద వ్రాసి ఎవరికైనా ఇవ్వవచ్చును, ఎవరైనా తీసుకోవచ్చును. అందువల్లనే తన గ్రాహకంలో దాచుకొన్న స్థలాలను ఇతరులకు చూపటానికి చాలామంది సరంగులు ఇష్టపడరు.

చేపలు చేరే చోట్లు

వేట స్థలాలు రెండు రకాలు. మొదటివి కదలనివి. నీటి అడుగున ఉన్న రాతిగుట్టలు, మునిగిన ఓడలు, కృత్రిమంగా వేసిన దిబ్బలు, సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకు దిగే అంచులు ఈ రకానికి చెందుతాయి. ఇక్కడ చేపలకు ఆహారము, ఆశ్రయము దొరుకుతాయి. ఇటువంటి చోటును ఒకసారి గ్రాహకంలో నమోదు చేసుకుంటే పదేళ్ళ తరువాత కూడా అదే అంకె పనికివస్తుంది.

రెండవవి కదిలేవి. వంజరం, కానాగంతలు, కవళ్ళు, తూర వంటి చేపలు అడుగును అంటిపెట్టుకొని ఉండవు. ఇవి నీటి పైపొరలలో ఆహారం వెంట తిరుగుతాయి. సముద్రపు ఆహార శృంఖలంలో మొదటి మెట్టు వృక్షప్లవకాలు, అనగా కంటికి కనిపించని సూక్ష్మమైన మొక్కలు. లోతులోని చల్లని నీరు పైకి వచ్చినప్పుడు దానితోపాటు పోషకాలు పైకి వస్తాయి. సూర్యరశ్మి తోడై వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తినే జంతుప్లవకాలు, వాటిని తినే చిన్న చేపలు, చిన్న చేపలను తినే పెద్ద చేపలు క్రమంగా అక్కడ చేరతాయి. వెచ్చని నీరు, చల్లని నీరు ఎదురెదురుగా కలిసే హద్దు వెంట ఇది ఎక్కువగా జరుగుతుంది. ఆ హద్దు ప్రవాహాలతోపాటు కదులుతుంది. కాబట్టి దాని నిరూపకాలకు ఆయుష్షు రెండు మూడు రోజులు మాత్రమే.

బంగాళాఖాతంలో ఈ విషయానికి ఒక ప్రత్యేకత ఉన్నది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు వర్షాకాలంలో తెచ్చే మంచినీరు ఉప్పునీటి కంటే తేలికైనది గనుక పైపొరగా పరుచుకుంటుంది. ఈ పొర మూత వలె పనిచేసి, లోతులోని పోషకాలను పైకి రానీయదు. అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ప్లవకాల ఉత్పత్తి తక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. మరోవైపు అవే నదులు ఒండ్రుతోపాటు పోషకాలను తెచ్చి ముఖద్వారాల దగ్గర నీటిని సారవంతం చేస్తాయి. బాసర దాటి, పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలకు చాలా దూరం హద్దుగా ప్రవహించి, కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొని పోయే గోదావరి నీటికి కూడా ఈ రెండు పనులలోను భాగం ఉన్నది. శ్రీరాంసాగర్ మొదలుకొని దారిలోని జలాశయాలలో ఒండ్రు కొంత నిలిచిపోతుంది, మిగిలినది సముద్రానికి చేరుతుంది. ధర్మపురి వద్ద చూసిన ఎర్రనీటికి, అంతర్వేది దగ్గర వలలో పడే చేపకు సంబంధం ఉన్నదని చెప్పటం అతిశయోక్తి కాదు.

ఇన్‌కాయిస్ సూచనలు

కదిలే స్థలాలను పడవ మీద నుండి వెదకటం కష్టం. ఉపగ్రహం నుండి సులభం. సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను, నీటి రంగును బట్టి అందులోని పత్రహరితం పరిమాణాన్ని ఉపగ్రహాలు కొలుస్తాయి. ఈ రెంటిలోను ఒక్కసారిగా మార్పు కనిపించే గీతలను పటం మీద గుర్తిస్తే, చేపలు చేరే అవకాశం ఉన్న ప్రాంతాలు తెలుస్తాయి. భారతదేశంలో 1990ల తొలి సంవత్సరాలలో ఉష్ణోగ్రత పటాల ఆధారంగా ఈ ప్రయత్నం సాగినది. 1999 మే 26న ప్రయోగించిన ఓషన్‌శాట్-1 ఉపగ్రహంతో నీటి రంగు సమాచారం కూడా తోడైనది. ఆ తరువాత 2009 సెప్టెంబరులో ఓషన్‌శాట్-2ను, 2022 నవంబరులో ఓషన్‌శాట్-3గా పిలువబడే ఈఓఎస్-06ను ప్రయోగించారు.

1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ క్రింద పనిచేసే స్వయంప్రతిపత్తి గల సంస్థ. 2004 నాటి సునామీ తరువాత, 2007లో సునామీ హెచ్చరికల కేంద్రం కూడా ఇక్కడే ఏర్పడినది. ఈ సంస్థ వెలువరించే చేపల వేట సూచనలకు సంభావ్య మత్స్య క్షేత్ర సూచనలు అని పేరు. ఇందుకోసం దేశపు తీరాన్ని విభాగాలుగా చేశారు. ఆంధ్ర తీరం ఉత్తరాంధ్ర, దక్షిణాంధ్ర అని రెండు విభాగాలుగా ఉన్నది. సూచనలను తెలుగుతో సహా తీర రాష్ట్రాల భాషలలో ఇస్తారు. రేవులలోని ఎలక్ట్రానిక్ బోర్డులు, ఫోను సందేశాలు, రేడియో, స్వచ్ఛంద సంస్థలు, మొబైల్ యాప్‌లు వీటిని జాలరులకు చేరుస్తాయి. ఆకాశం మేఘావృతమై ఉపగ్రహానికి సముద్రం కనబడని రోజులలోను, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడును, వేట నిషేధ కాలంలోను ఈ సూచనలు వెలువడవు.

ఒక సూచనను చదవటం

సూచన ఒక పట్టిక రూపంలో ఉంటుంది. మొదటి గడిలో రేవు పేరు, ఆ తరువాత దిశ, ఉత్తరం నుండి కోణం, కిలోమీటర్లలో దూరం, మీటర్లలో లోతు, చివరగా అక్షాంశము, రేఖాంశము ఉంటాయి. ఒకే స్థలాన్ని రెండు విధాలుగా చెప్పారన్నమాట. జీపీఎస్ ఉన్నవారు అక్షాంశ రేఖాంశాలను వాడుకుంటారు. దిక్సూచి మాత్రమే ఉన్న చిన్న పడవవారు దిశను, దూరాన్ని బట్టి పోవచ్చును. యంత్రం లేనివారిని విడిచిపెట్టని ఈ ఏర్పాటు మెచ్చుకోదగినది.

ఉదాహరణకు కళింగపట్నం నుండి ఆగ్నేయ దిశలో, 135 డిగ్రీల కోణంలో, 40 కిలోమీటర్ల దూరంలో ఒక స్థలం ఉన్నదనుకొందాము (ఇది లెక్క కోసం కల్పించినది, నిజమైన సూచన కాదు). కళింగపట్నం సుమారు 18°20′ ఉత్తరం, 84°07′ తూర్పు. లెక్క కట్టితే ఆ స్థలం 18°04′45″ ఉత్తరం, 84°23′05″ తూర్పు అవుతుంది. గంటకు 7 నాటికల్ మైళ్ళ వేగంతో పోయే మరపడవకు ఇది దాదాపు మూడు గంటల ప్రయాణం.

ఇక్కడే ఎక్కువ పొరపాట్లకు అవకాశం ఉన్నది. ఒకే అక్షాంశాన్ని మూడు రకాలుగా వ్రాయవచ్చును. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా వ్రాస్తే 18°04′45″. డిగ్రీలు, దశాంశ నిమిషాలుగా వ్రాస్తే 18°04.75′. దశాంశ డిగ్రీలుగా వ్రాస్తే 18.0792°. పడవలలో వాడే గ్రాహకాలు చాలావరకు రెండవ పద్ధతిని, ఫోనులలోని పటాలు మూడవ పద్ధతిని చూపుతాయి. పట్టికలోనిది మొదటి పద్ధతి. దశాంశ డిగ్రీలు కోరే యంత్రంలో 18°04′45″ను 18.0445 అని, 84°23′05″ను 84.2305 అని గుర్తులు తీసివేసి నొక్కితే, యంత్రం ఏ తప్పూ చూపదు. మారుమాట లేకుండా దారి చూపుతుంది. కాని పడవ చేరవలసిన చోటికి దాదాపు 4 కిలోమీటర్లు దక్షిణాన, 16 కిలోమీటర్లకు పైగా పడమరన తేలుతుంది. మొత్తం మీద 17 కిలోమీటర్ల తేడా. కలాసీలు వల దించి, ఖాళీగా లాగి, సూచనే తప్పని తిట్టుకుంటారు.

దీనిని నివారించటానికి తేలికైన పద్ధతి ఒకటి ఉన్నది. నిరూపకాలను యంత్రంలో ఎక్కించిన వెంటనే, రేవులో ఉండగానే, అది చూపే దూరాన్ని, దిశను పట్టికలోని దూరంతోను, దిశతోను సరిచూసుకోవాలి. రెండూ కలిస్తే అంకెలు సరిగా ఎక్కినట్లే.

గమ్యం చేరిన తరువాత జీపీఎస్ పని అయిపోయినట్లే. నీటి అడుగున ఏమున్నదో అది చెప్పదు. ధ్వని తరంగాలను క్రిందికి పంపి, ప్రతిధ్వనిని బట్టి లోతును, చేపల గుంపులను చూపే ఎకో సౌండర్ దానికి జోడు. సూచన వెలువడిన తరువాత గడిచిన కాలాన్ని, ప్రవాహపు దిశను బట్టి స్థలం కొంత జరిగి ఉండవచ్చును. తూర్పు తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుండి మే వరకు సాధారణంగా ఉత్తరం వైపుకు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణం వైపుకు సాగుతుంది. అనుభవం గల సరంగు అంకె చూపిన బిందువు దగ్గరనే ఆగిపోక, ప్రవాహం వెంట కొంత దూరం వెదుకుతాడు.

సరిహద్దులు, భద్రత

ఉత్తరాంధ్ర జాలరులు చాలామంది పని కోసం గుజరాత్ తీరానికి వలస వెళతారు. 2018 నవంబరు నెలాఖరులో వేరావల్ నుండి వేటకు వెళ్ళిన పడవలను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వాటిలో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు కరాచీలో చెరసాల పాలయ్యారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద 20 మందిని భారతదేశానికి అప్పగించారు. ఒక్క వేట ప్రయాణం పదమూడు నెలలు పట్టినది.

జీపీఎస్ ఉంటే ఇటువంటివి జరగవు కదా అనే ప్రశ్న సహజం. పడవ ఎక్కడ ఉన్నదో జీపీఎస్ చెబుతుంది. గీత ఎక్కడ ఉన్నదో ఎవరో ఒకరు దానిలో గీసి ఉంచాలి. శ్రీలంకతో 1974, 1976 సంవత్సరాలలో ఒప్పందాలు కుదిరి సముద్ర సరిహద్దు నిర్ణయమైనది. పాకిస్తాన్‌తో సర్ క్రీక్ వివాదం కారణంగా సముద్ర సరిహద్దు ఒప్పందమే లేదు. పైగా వల దించిన పడవ ఇంజను ఆపినా ప్రవాహంతోపాటు కొట్టుకుపోతుంది. రాత్రి కలాసీలు నిద్రలో ఉండగా కొన్ని కిలోమీటర్లు జరిగిపోవటం వింత కాదు. సరిహద్దు సమీపించగానే మ్రోగే హెచ్చరిక ఈ సందర్భంలో నిరూపకాల కంటే ఎక్కువ ఉపయోగకరం. తమిళనాడు, ఆంధ్ర తీరాలలో వాడుకలో ఉన్న ఫిషర్ ఫ్రెండ్ అనే మొబైల్ యాప్‌లో ఇటువంటి ఏర్పాటు ఉన్నది. దీనిని ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ తయారు చేసినది.

రెండవ సమస్య తుఫానులు. సెల్‌ఫోను సంకేతం ఒడ్డు నుండి సుమారు 10, 12 కిలోమీటర్లకు మించి అందదు. 2017లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు అప్పటికే లోతు సముద్రంలో ఉన్న జాలరులకు హెచ్చరికను చేర్చే మార్గం లేకపోయినది. ఆ అనుభవం తరువాత రూపొందిన జెమిని అనే పరికరాన్ని 2019 అక్టోబరులో విడుదల చేశారు. ఇది గగన్ వ్యవస్థకు చెందిన ఉపగ్రహాల ద్వారా ఇన్‌కాయిస్ సందేశాలను అందుకొని బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. వేట స్థలాల సూచన, తుఫాను హెచ్చరిక రెండూ నడిసముద్రంలోనే తెలుస్తాయి. దీని లోపం ఏమిటంటే మాట ఒడ్డు నుండి పడవకే గాని, పడవ నుండి ఒడ్డుకు పోదు. ఇరువైపులా సందేశాలు పంపగల ట్రాన్స్‌పాండర్లను ఇస్రో సహకారంతో పడవలలో అమర్చే పథకం 2024లో మొదలైనది.

పరిమితులు

సూచన ఇచ్చినది అవకాశమే గాని హామీ కాదు. పేరులోని సంభావ్య అనే మాటకు అర్థం అదే. పైపొరలో తిరిగే చేపలకు ఇది బాగా వర్తిస్తుంది. అడుగున తిరిగే రొయ్యలను ట్రాలు వలతో పట్టేవారికి దీని ఉపయోగం తక్కువ.

ఒకే అంకె అందరికీ ఒకేసారి అందటంలో మంచి, చెడు రెండూ ఉన్నవి. వెదుకులాట తగ్గి డీజిలు మిగులుతుంది. కాని అదే అంకెను బట్టి పెద్ద మరపడవలు, చిన్న ఫైబరు పడవలు ఒకే చోటుకు చేరితే, ముందుగా చేరేది పెద్ద ఇంజను గలదే. సూచించిన స్థలం 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే తెప్ప మీద వేటాడేవారికి ఆ సమాచారం ఉన్నా లేనట్లే. కదలని రాతిగుట్టల విషయంలో చిక్కు మరొకటి. పాత రోజులలో ఒక కుటుంబానికి మాత్రమే తెలిసిన గుట్ట, ఇప్పుడు నిరూపకాలు బయటపడితే కొద్ది కాలంలోనే ఖాళీ కావచ్చును. చేపలు గుడ్లు పెట్టే కాలంలో తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక పడవల వేటను నిషేధించటం ఈ ఒత్తిడికి కొంత విరుగుడు. 2015కు ముందు ఈ నిషేధం 47 రోజులు మాత్రమే ఉండేది.

ఉత్తర తెలంగాణలో శ్రీరాంసాగర్, కడెం, ఎల్లంపల్లి, దిగువ మానేరు జలాశయాలలో వేట సాగించే గంగపుత్రులు, ముదిరాజులకు ఒడ్డు ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది గనుక ఉపగ్రహ సూచనలతో పని లేదు. అయినను సాయంత్రం కట్టిన వలను తెల్లవారుజామున పొగమంచులో వెదుక్కోవలసి వచ్చినప్పుడు ఫోనులో గుర్తు పెట్టుకొన్న నిరూపకాలు అక్కడ కూడా అక్కరకు వస్తాయి. వర్షాకాలం తరువాత జలాశయపు నీటిమట్టం తగ్గేకొద్దీ ఒడ్డు వెనుకకు జరిగి, ఒడ్డున పెట్టుకొన్న గుర్తులు నీటికి దూరమవుతాయి. అంకెలు మాత్రం మారవు.